ఆందోళనకు మూలికలు: సర్పగంధి నేర్పిన పాఠం

పరీక్ష హాలులో గంట కొట్టారు. ప్రశ్నపత్రాలు పంచుతున్నారు. మీ వరుస దాకా ఇంకా రాలేదు. గుండె దడదడ కొట్టుకుంటోంది. నోరు ఎండిపోతోంది. అరచేతులకు చెమట పడుతోంది. కడుపులో తిప్పుతున్నట్లుంది. నిన్న రాత్రి కంఠతా వచ్చిన సూత్రం ఇప్పుడెంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. మీలో చాలామందికి ఇది అనుభవమే. దీనినే ఆందోళన అంటాం.

పరీక్షల రోజులు దగ్గర పడేసరికి దీన్ని తగ్గించుకోవడానికి నలుగురూ నాలుగు సలహాలు చెబుతారు. సరస్వతి ఆకు నమలమని ఒకరంటారు. అశ్వగంధ చూర్ణం పాలలో కలుపుకుని తాగమని ఇంకొకరంటారు. ఫలానా వేరు అరగదీసి ఇస్తే మనసు నిమ్మళిస్తుందని వేరొకరంటారు. "ఆకులూ వేళ్ళే గదా! పనిచేస్తే మంచిదే, చేయకపోతే నష్టమేమీ లేదు" అని అందరికీ ఒక ధీమా.

ఈ ధీమా ఎంతవరకు సరైనది? మూలికలు నిజంగా ఆందోళనను తగ్గిస్తాయా? తగ్గిస్తే ఎలా తగ్గిస్తాయి? మన దేశపు అడవుల్లో పెరిగే సర్పగంధి అనే చిన్న పొద కథ తెలుసుకుంటే ఈ ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి. దానికి ముందు మన శరీరంలో ఏం జరుగుతోందో చూద్దాం.

గుండె ఎందుకు దడదడ కొట్టుకుంటుంది?

ఆందోళన జబ్బు కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవడానికో, ఎదిరించడానికో శరీరం చేసుకునే ఏర్పాటు అది. మూత్రపిండాల మీద టోపీల్లాగా అధివృక్క గ్రంథులు ఉంటాయని మీరు చదువుకున్నారు. మెదడు ప్రమాదాన్ని పసిగట్టగానే నాడుల ద్వారా ఈ గ్రంథులకు కబురు పంపుతుంది. అవి అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగం పెరుగుతుంది. కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. ఆ సమయంలో అంత అవసరం లేని జీర్ణక్రియ మందగిస్తుంది. నోరు ఎండిపోవడం, కడుపులో తిప్పడం అందువల్లనే.

అడవిలో పులి ఎదురైనప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. కాని మన శరీరానికి పులికీ, ప్రశ్నపత్రానికీ తేడా అంతగా తెలియదు! కొద్దిపాటి ఆందోళన మేలే చేస్తుంది. మనల్ని పుస్తకం ముందు కూర్చోబెట్టేది అదే. మితిమీరినప్పుడు మాత్రం నిద్రను, ఆకలిని, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది.

మీరే చేసి చూడండి

ఇప్పుడొక చిన్న ప్రయోగం. గడియారం ఒకటి ఉంటే చాలు. ఆటస్థలంలో రెండు నిమిషాలు పరుగెత్తి రండి. వెంటనే ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపున, కుడిచేతి రెండు వేళ్ళు ఆనించి నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి రాసుకోండి. తరువాత ఒక గ్లాసుడు మంచినీళ్ళు తాగి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. మళ్ళీ లెక్కపెట్టండి. రెండో సంఖ్య మొదటి సంఖ్యకన్నా బాగా తక్కువగా ఉంటుంది.

నాడి వేగాన్ని తగ్గించింది మంచినీళ్ళేనా? కాదని మీకు తెలుసు. కూర్చున్నందువల్ల అదే తగ్గింది. మరి ఆ గ్లాసులో మంచినీళ్ళకు బదులు ఏదో కషాయం ఉండి ఉంటే? "చూశారా, ఎంత చప్పున పనిచేసిందో!" అని దానికే పేరు వచ్చేది.

మూలికల విషయంలో అసలు చిక్కు ఇదే. ఆందోళన చాలాసార్లు తనంతట తానే తగ్గుతుంది. పరీక్ష ముగియగానే పోతుంది. పైగా "ఇది మందు" అన్న నమ్మకంతో ఏది మింగినా కొంత ఊరట కలుగుతుంది. కాబట్టి "మా బాబాయికి తగ్గింది" అన్నది అబద్ధం కాకపోవచ్చు. అయినా ఆ ఆకు వల్లనే తగ్గిందనడానికి అది రుజువు కాదు.

రుజువు కావాలంటే ఏం చేయాలి? ఆందోళనతో బాధపడే వారిని కొందరిని తీసుకుని, చీటీలు వేసి రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు అసలు మందు ఇస్తారు. రెండో జట్టుకు రంగు, రుచి, ఆకారం అచ్చం అలాగే ఉండి లోపల మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియనివ్వరు, పరీక్షించే డాక్టరుకూ తెలియనివ్వరు. చివరకు రెండు జట్లనూ పోల్చి చూస్తారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన ఊరటకన్నా మందు ఎక్కువ ఊరట ఇచ్చిందని తేలితేనే అది పనిచేసినట్లు లెక్క.

పాతాళగంధి ప్రయాణం

ఇప్పుడు సర్పగంధి దగ్గరికి వద్దాం. దీన్నే తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. శాస్త్రీయనామం రావుల్ఫియా సర్పెంటైనా. 16వ శతాబ్దంలో మూలికల కోసం తూర్పు దేశాలు తిరిగిన లియొనార్డ్ రావుల్ఫ్ అనే జర్మన్ వైద్యుని గౌరవార్థం ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టారు. నీడ, తేమ ఉన్న అడవుల్లో మోకాలెత్తు పెరిగే పొద ఇది. కణుపు కణుపు దగ్గర మూడేసి, నాలుగేసి ఆకులు చక్రంలాగా అమరి ఉంటాయి. తెల్లని పూలు, ఎర్రని కాడలు. చేదుగా ఉండే వేరే దీనిలోని మందు.

పూర్వం ఈ వేరును పాముకాటుకు, జ్వరానికి, నిద్రలేమికి, పిచ్చి ఉద్రేకానికి వాడేవారు. పాముకాటుకు దీని వల్ల ప్రయోజనం లేదు; విషానికి విరుగుడు సూదిమందే శరణ్యం. కాని ఉద్రేకాన్ని తగ్గిస్తుందన్న మాటలో నిజముంది. దాన్ని నిరూపించే పనికి మొదట పూనుకున్నది మన దేశపు శాస్త్రజ్ఞులే.

1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరును మానసిక రోగులకు, రక్తపుపోటు ఉన్నవారికి ఇచ్చి, ఉద్రేకమూ రక్తపుపోటూ రెండూ తగ్గాయని ప్రకటించారు. ఆ ఏడే ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లను వేరు చేశారు. ఆల్కలాయిడ్లంటే మొక్కలు తయారుచేసుకునే నత్రజని కలిసిన చేదు పదార్థాలు. ఆ కళాశాలను స్థాపించిన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీదుగా వాటిలో ఒకదానికి అజ్మలిన్ అని నామకరణం చేశారు.

1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపుపోటు రోగులపై జరిపిన పరిశీలనను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. దానితో ప్రపంచమంతా సర్పగంధి వైపు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరులో ముఖ్యమైన పదార్థాన్ని శుద్ధరూపంలో పట్టుకున్నారు. దాని పేరు రిసర్పిన్. 1956లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు వుడ్‌వర్డ్ వేరుతో పనిలేకుండా ప్రయోగశాలలోనే దాన్ని తయారుచేసి చూపించాడు.

ఇంతకూ అది ఆందోళనను తగ్గిస్తుందా? ఇందాక చెప్పుకున్న పరీక్షే దీనికీ పెట్టారు. లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో డేవిస్, షెపర్డ్ అనే ఇద్దరు డాక్టర్లు ఆందోళనతోను, దిగులుతోను బాధపడే 54 మందిని తీసుకుని, కొందరికి రిసర్పిన్, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1955లో ఫలితం వెలువడింది. ఉత్తుత్తి మాత్రకన్నా రిసర్పిన్ ఆందోళనను ఎక్కువగా తగ్గించింది. మన అడవి మొక్క పరీక్ష నెగ్గింది!

మరి దాన్నే ఈనాడు అందరికీ ఎందుకు ఇవ్వడం లేదు?

గాదె ఖాళీ అయితే

రిసర్పిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఒక నాడీకణం పక్కకణానికి వార్త పంపాలంటే ఒక రసాయనాన్ని వదులుతుంది. నారడ్రినలిన్, డోపమిన్, సెరటోనిన్ అలాంటి వార్తాహర రసాయనాలు. రైతు ధాన్యాన్ని గాదెలో నిలువ చేసినట్లు నాడీకణం తన చివరన ఉన్న సూక్ష్మమైన సంచుల్లో వీటిని నిలువ చేసుకుంటుంది. అవసరమైనప్పుడు సంచి విప్పి వదులుతుంది.

రిసర్పిన్ ఆ సంచుల్లోకి సరుకు వెళ్ళే దారిని మూసేస్తుంది. ఆరుబయట మిగిలిన ధాన్యాన్ని పిట్టలు తిన్నట్లు, సంచిలోకి చేరని రసాయనాన్ని కణంలోని ఎంజైములు విరగ్గొట్టేస్తాయి. క్రమంగా గాదె ఖాళీ అవుతుంది. నారడ్రినలిన్ తగ్గితే రక్తపుపోటు, గుండె వేగం, ఉద్రేకం తగ్గుతాయి. రిసర్పిన్ ఇస్తే మెదడులో సెరటోనిన్ నిలువలు తరిగిపోతాయని అమెరికాలో బ్రోడీ బృందం 1955లో చూపింది. తరువాత స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్ళు కదలకుండా పడి ఉండడం, డోపమిన్‌గా మారే పదార్థాన్ని ఇవ్వగానే అవి లేచి తిరగడం గమనించాడు. డోపమిన్ గురించి చేసిన ఈ పరిశోధనలకు ఆయనకు 2000లో నోబెల్ బహుమానం వచ్చింది. మెదడు రసాయనాలను గురించి మానవుడు నేర్చుకున్న తొలి పాఠాల్లో కొన్ని మన సర్పగంధి చెప్పినవే.

అయితే ఒక్క రసాయనం శరీరంలో ఒక్క పనే చేయదు. గాదె ఖాళీ అయినప్పుడు ఆందోళనతోపాటు అనేక పనులు కుంటుపడతాయి. అందుకే రిసర్పిన్ తీసుకున్నవారిలో ముక్కు దిబ్బడ, మగత, నీరసం, రక్తపుపోటు మరీ పడిపోవడం, కడుపులో ఆమ్లం ఎక్కువై పుండ్లు పడడం కనిపించాయి. కొందరికి దిగులు పట్టుకుందని డాక్టర్లు గమనించి హెచ్చరించారు. ఆ తరువాత ఇంతకన్నా మెరుగైన మందులు వచ్చాయి. అందువల్ల ఆందోళనకు రిసర్పిన్ ఇవ్వడం మానేశారు.

దీనిలో ఒక సూత్రం ఉంది. అది మీరు గుర్తుంచుకోవాలి. మేలు చేసే శక్తి నిజంగా ఉన్న మొక్కకు కీడు చేసే శక్తి కూడా ఉంటుంది. "బాగా పనిచేస్తుంది, ఏ హానీ చేయదు" అని ఎవరైనా రెండూ కలిపి చెబితే ఆగి ఆలోచించండి.

వేరు వేరే, మాత్ర వేరే

"రిసర్పిన్ మందుల కంపెనీది కాబట్టి హాని చేసింది, వేరునే నేరుగా తింటే ఏమీ కాదు" అని కొందరు వాదిస్తారు. నిజం దీనికి వ్యతిరేకంగా ఉంది. ఆ వేరులో రిసర్పిన్ ఒక్కటే లేదు. పదుల కొద్దీ ఆల్కలాయిడ్లు ఉన్నాయి. అజ్మలిన్ గుండె లయను మార్చగలదు. కొద్ది మోతాదులో ఉండే యోహింబిన్ అనేది ఆందోళనను తగ్గించడం కాదు, పెంచుతుంది! వేరు తిన్నవారు వీటన్నిటినీ కలిపి మింగినట్లే.

పైగా మోతాదు ఎలా తెలుస్తుంది? రక్తపుపోటుకు ఇచ్చే రిసర్పిన్ రోజుకు పావు మిల్లీగ్రాము, లేదా అంతకన్నా తక్కువ. ఒక ఆవగింజ బరువులో అది చిన్న ముక్క. మాత్రలో ఇది కొలిచి పెడతారు. వేరులో ఎంత ఉందన్నది నేలను బట్టి, ఋతువును బట్టి, మొక్క వయసును బట్టి మారుతుంది. అరగదీసిన గంధంలో ఎంత ఉందో చూసి చెప్పగలిగే కన్ను ఎవరికీ లేదు.

పేర్లతో మరో చిక్కు. "బ్రహ్మి" అనే పేరును కొన్నిచోట్ల మన సరస్వతి ఆకుకు వాడతారు. దాని శాస్త్రీయనామం సెంటెల్లా ఏషియాటికా; కొత్తిమీర, వాము కుటుంబానికి చెందినది. మరికొన్నిచోట్ల బకోపా మొన్నియెరి అనే వేరే కుటుంబపు మొక్కను బ్రహ్మి అంటారు. పేరు ఒకటే, మొక్కలు రెండు, రసాయనాలు వేరు. జీవశాస్త్రంలో లాటిన్ పేర్లు ఎందుకని విసుక్కునేవారు ఈ సంగతి గమనించాలి.

మిగిలిన మూలికల మాట

పసిఫిక్ మహాసముద్ర దీవుల్లో కావా అనే మొక్క ఉంది. మన మిరియాలకు, తమలపాకుకు దగ్గరి బంధువు. దాని వేరును దంచి నీళ్ళలో పిసికి పానీయం చేస్తారు. ఫిజీలో దాన్ని యాంగోనా అంటారు. 1903 నుంచి మద్రాసు మీదుగా అక్కడికి కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతి ఉన్న దీవులే అవి. కావా ఆందోళనను కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. కాని ఐరోపాలో దానితో చేసిన మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని తెలిసి, 2002లో జర్మనీ వాటి అమ్మకాన్ని నిషేధించింది. 2014లో అక్కడి న్యాయస్థానం ఆ నిషేధం సరికాదన్నది. కారణం వేరుదా, కాండం తొక్క కలిసినందువల్లనా, తయారుచేసిన పద్ధతిదా అన్న చర్చ చాలాకాలం నడిచింది.

అశ్వగంధను మనం పెన్నేరు అంటాం. వంకాయ, ఉమ్మెత్తల కుటుంబం. కొద్దిమందిపై, కొద్ది వారాలపాటు జరిగిన పరీక్షల్లో ఆందోళన కొంత తగ్గినట్లు కనిపించింది. ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో, ఎదిగే వయసు పిల్లలకు ఏమవుతుందో తేల్చే పరీక్షలు ఇవి కావు. కొందరికి కాలేయానికి హాని జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. 2023లో డెన్మార్క్ దాన్ని ఆహారపదార్థాల్లో నిషేధించింది. మన దేశంలో దుకాణాల్లో దొరుకుతుంది. దొరికినంత మాత్రాన ఎవరికైనా ఎంతైనా సరిపడుతుందని అర్థం కాదు.

ఐరోపాలో సెయింట్ జాన్స్ వర్ట్ అనే పసుపుపచ్చ పూల మొక్కను దిగులుకు వాడతారు. అది కాలేయంలోని ఎంజైములను ఉత్సాహపరిచి ఇతర మందులను త్వరగా విరగ్గొట్టేలా చేస్తుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారు దాన్ని వాడితే, వారిని కాపాడుతున్న మందు చాలకుండా పోయిన సందర్భాలున్నాయి. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో వాడుతున్న ఆకు, చూర్ణం, లేహ్యం గురించి కూడా చెప్పాలి. "అది మందు కాదు గదా" అని దాచకూడదు.

మీరు రోజూ తాగే మూలిక

ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. పరీక్షల ముందు మీలో చాలామంది రోజుకు మూడు నాలుగుసార్లు ఒక మూలికా కషాయం తాగుతారు. అదే టీ! కాఫీ కూడా అంతే. రెండూ మొక్కలే. రెండిటిలోను ఉన్న కెఫిన్ ఒక ఆల్కలాయిడే. అలసిన మెదడులో నిద్ర ముంచుకొచ్చేలా చేసే అడినోసిన్ అనే పదార్థాన్ని అది అడ్డుకుంటుంది. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి కలుగుతాయి. ఇవి ఆందోళన లక్షణాలే గదా! రాత్రంతా టీ తాగి మేలుకుని, ఉదయం ఆందోళన తగ్గడానికి ఇంకో ఆకు నమలడం, బండికి ఒకవైపు ఎద్దులను కట్టి రెండోవైపు కూడా కట్టి తోలినట్లుంటుంది. కొత్త మూలిక కలపడం కన్నా ఉన్న మూలిక తగ్గించడం తేలిక. సాయంత్రం దాటాక టీ, కాఫీ మానేసి చూడండి.

మరి ఆందోళన ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలి? నాడి పట్టుకుని గమనిస్తే, ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగంగాను, వదిలేటప్పుడు కొద్దిగా నెమ్మదిగాను కొట్టుకుంటుంది. వేగస్ అనే నాడి గుండెకు కళ్ళెం వేయడమే దీనికి కారణం. కాబట్టి మెల్లగా పీల్చి, అంతకన్నా మెల్లగా వదులుతూ రెండు మూడు నిమిషాలు కూర్చుంటే దడ తగ్గుతుంది. ప్రశ్నపత్రం అందే ముందు దీన్ని ఎవరైనా చేయవచ్చు. రాత్రి చాలినంత నిద్ర, రోజూ కొంతసేపు ఆట, ముందునుంచి కొద్దికొద్దిగా చదవడం, ఇవి కూడా మందులకు తీసిపోవు.

కొందరికి ఆందోళన పరీక్షతో పోదు. వారాల తరబడి నిద్ర, ఆకలి ఉండవు. బడికి వెళ్ళాలంటేనే భయం. బతుకు మీదే విసుగు పుడుతుంది. అలాంటప్పుడు ఏ ఆకు కోసమూ వెతుకుతూ కాలం గడపకూడదు. అమ్మానాన్నలతో గాని, మీకు చనువున్న మాస్టారితో గాని చెప్పి డాక్టరును చూడాలి. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. మనసు బాధపడితే చెప్పుకోవడానికీ సిగ్గుపడనక్కరలేదు.

మన పెద్దలు చెప్పిన మూలికలను మూఢనమ్మకాలని కొట్టివేయడం శాస్త్రం కాదు. సర్పగంధిని అలా కొట్టివేసి ఉంటే రిసర్పిన్ దొరికేది కాదు. అలాగని పరీక్ష లేకుండా నమ్మడమూ శాస్త్రం కాదు. ఈసారి ఎవరైనా "ఈ ఆకు మంచిది" అని చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది సరిగ్గా ఏ మొక్క? ఎంత మోతాదు? దేనితో పోల్చి చూశారు? హాని ఏమిటి? నాలుగింటికీ జవాబు దొరికేదాకా ఆ ఆకు చెట్టునే ఉండనివ్వండి.